జార్జి ఆర్వెల్ - యుద్ధవార్తా వ్యాఖ్యాత

బీహారునందలి మోతీహారి పట్టణము పేరు వినగానే 1917వ సంవత్సరపు చంపారను సత్యాగ్రహమును, నీలిమందు రైతుల కష్టములును మనకు జ్ఞప్తికి వచ్చును. అంతకు పదునాలుగేండ్లకు పూర్వము, 1903 జూను 25వ తేదీన, ఆ పట్టణముననే ప్రభుత్వపు నల్లమందు శాఖలో పనిచేయుచుండిన ఒక ఆంగ్లోద్యోగికి కుమారుడు జన్మించెను. ఎరిక్ ఆర్థర్ బ్లెయిర్ అని ఆ శిశువునకు పేరిడిరి. ఏడాది నిండిన కొలదికాలమునకే తల్లి ఆ బిడ్డను ఇంగ్లండునకు గొనిపోయెను. ముప్పదియవ యేట జార్జి ఆర్వెల్ అను పేరుతో తొలి గ్రంథమును ప్రకటించి, పిమ్మట లోకప్రసిద్ధుడైన రచయిత ఇతడే. ఆయన నవలలను చదివినవారు మనలో అనేకులు కలరు. కాని 1941 మొదలు 1943 వరకు ఆయన లండనులో ఒక రేడియో కార్యాలయమున ఉద్యోగియై, భారతదేశ శ్రోతలకొరకు వారము వారము యుద్ధవార్తలపై వ్యాఖ్యలు వ్రాసెనని ఎరిగినవారు అంతమంది లేరు.

ఆయన బాల్యమును గూర్చి విస్తరించి చెప్పవలసిన పని లేదు. ఈటన్ పాఠశాలలో చదువు ముగించి, విశ్వవిద్యాలయమున చేరక, 1922లో ఇండియన్ ఇంపీరియల్ పోలీసు శాఖలో చేరి బర్మాకు పోయెను. తల్లివైపు బంధువులు బర్మాలోని మౌల్మీనులో స్థిరపడినవారే. అయిదేండ్లు ఉద్యోగము చేసి, పరులపై పెత్తనము సలుపు ఆ కొలువుపై రోత పుట్టి, 1927లో దానిని విడిచెను. పారిస్, లండను నగరములలో దరిద్రుల నడుమ దరిద్రుడై తిరిగెను. ఆ యనుభవములు 1933లోను, బర్మా యనుభవములు 1934లోను గ్రంథరూపము దాల్చెను. యుద్ధమును గూర్చి పత్రికలు వ్రాయుదానికిని, యుద్ధమున జరుగుదానికిని గల యంతరము ఆయనకు తెలిసినది మాత్రము స్పెయినులో.

1936 డిసెంబరులో ఆర్వెల్ బార్సిలోనా చేరెను. ఫ్రాంకో సేనాని తిరుగుబాటును ఎదిరించుచుండిన రిపబ్లికు పక్షమున పోరాడుటకై ఒక చిన్న వామపక్షమునకు చెందిన సేనలో భటుడుగా చేరి, ఆరగాన్ రణరంగమున కందకములలో చలికిని, పేలకును, ఆయుధముల కొరతకును ఓర్చుకొనెను. 1937 మే నెలలో బార్సిలోనా నగరమున రిపబ్లికు పక్షమువారిలో వారికే వీథిపోరాటములు చెలరేగెను. ఆ దినములలో ఆర్వెల్ తుపాకి చేతబట్టి ఒక సినిమాశాల మిద్దెపై కావలి యుండెను. క్రింద వీథిలో ఏమి జరిగెనో, ఏమి జరుగలేదో ఆయన కన్నులార చూచెను. ఆ నెల 20వ తేదీన, రణరంగమునకు మరలి పోయిన పిదప, శత్రువు గుండొకటి ఆయన కంఠమునుండి దూసికొనిపోయెను. ప్రాణము దక్కినది గాని కంఠస్వరము చెడినది. ఆయన చేరిన పక్షమును ప్రభుత్వము జూను నెలలో నిషేధించెను. భార్య ఐలీనుతో కూడ తప్పించుకొని సరిహద్దు దాటవలసి వచ్చెను.

ఇంగ్లండు చేరి పత్రికలు తిరుగవేసినప్పుడు ఆయనకు కలిగిన విస్మయము ఇంతింత కాదు. తాను చూచిన వీథిపోరాటమును ఫాసిస్టు గూఢచారులు పన్నిన కుట్రయని పత్రికలు వర్ణించియుండెను. యుద్ధము జరుగని తావున ఘోరయుద్ధములు జరిగినట్లును, వందలమంది కూలిన తావున ఏమియు జరుగనట్లును వార్తలు వెలువడెను. తాను చూచినది చూచినట్లు వ్రాసిన వ్యాసమును న్యూ స్టేట్స్‌మన్ పత్రిక ప్రకటింప నిరాకరించెను. 1938 ఏప్రిలులో ఆయన స్పెయిను అనుభవముల గ్రంథము వెలువడెను. అచ్చొత్తిన ప్రతులు పదునైదువందలే యైనను రచయిత జీవితకాలమున అవి పూర్తిగా అమ్ముడు పోలేదు. ఆ గ్రంథమున పత్రికలు వ్రాసినదానిని పంక్తి పంక్తిగా తీసికొని, ఒకదానితో నొకటి పోల్చి, ఎచ్చట పొసగకున్నవో చూపెను. అంతటితో ఊరకుండక, తానును ఒక పక్షమువాడనే కావున తన వ్రాతయందును పొరపాటులు, పక్షపాతము ఉండవచ్చుననియు, చదువరులు జాగరూకులై యుండవలెననియు హెచ్చరించెను. యుద్ధమును గూర్చి వ్రాసిన వారిలో ఇట్టి హెచ్చరికను తమ గ్రంథముననే చేర్చినవారు అరుదు. కొన్ని యేండ్లకు, బార్సిలోనా ఘట్టమున ఒక రక్షకదళము పేరునకు బదులు వేరొక దళము పేరు వ్రాసితినని గుర్తించి, దానిని దిద్దవలెనని సూచన వ్రాసి పెట్టెను. ఆ దిద్దుబాటు ఆయన మరణానంతరము, 1986లో గాని అచ్చున అమలు జరుగలేదు.

1938లోనే ఆయనకు భారతదేశమునకు వచ్చు అవకాశ మొకటి తటస్థించెను. లక్నో నగరమునుండి వెలువడుచుండిన పయొనీరు పత్రికలో సంపాదకీయములు వ్రాయుటకు రమ్మని ఆహ్వానము అందెను. ఆయన అభిప్రాయములు ఎట్టివో యెరిగిన లండను ఇండియా కార్యాలయము దీనిని సందేహముతోనే చూచెను. ఇంతలో క్షయవ్యాధి బయల్పడి ఆస్పత్రి పాలగుటతో ఆ ప్రయాణము ఆగిపోయెను.

రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. ఆరోగ్యము చాలదని సైన్యము ఆయనను చేర్చుకొనలేదు. ఐలీను మొదట ప్రభుత్వ సెన్సారు శాఖలో ఉద్యోగము చేసెను. 1941 ఆగస్టు 18వ తేదీన ఆర్వెల్ బి.బి.సి. ప్రాచ్యవిభాగమున, ఏడాదికి 640 పౌనుల జీతముపై, భారతదేశ ప్రసంగముల సహాయకుడుగా చేరెను. చేరినవారికి తొలుత కొలదిదినముల శిక్షణ యిచ్చెడివారు. ఆ తరగతిలో తోడివాడైన కవి విలియమ్ ఎంప్సన్ దానికి అబద్ధాల బడి యని పరిహాసముగా పేరు పెట్టెనట. భారత శాఖకు అధిపతి జుల్ఫికర్ ఆలీ బొఖారీ. ఇతడే దేశవిభజనానంతరము పాకిస్తాను రేడియోకు అధిపతి యయ్యెను. ఆ పై అధికారి రష్‌బ్రుక్ విలియమ్స్, పూర్వము భారత ప్రభుత్వమున ప్రచారశాఖ నడపినవాడు. 1942 జూనునుండి వీరి కార్యాలయము ఆక్స్‌ఫర్డు వీథిలో ఒక పెద్ద దుకాణపు భవనములోనికి మారెను. పలుచని అడ్డుగోడలతో ఏర్పరచిన అరలలో, పదిమంది ఒకేసారి చెప్పి టైపు చేయించుచుండు సందడిలో పని జరుగుచుండెను. తెల్లవారుజామున చీపుళ్లు పట్టిన పనికత్తెలు కూడి పాడుకొనుట తప్ప ఆ భవనమున పాట వినబడదని ఆర్వెల్ దినచర్యలో వ్రాసికొనెను.

ఫైళ్ల నడుమ బ్రతుకువారికి ఆ కార్యాలయపు పద్ధతి క్రొత్తగా తోచదు. ప్రసారము కావలసిన ప్రతి మాటయు ముందుగా కాగితముపై ఉండవలెను. దానిపై రెండు ముద్రలు పడవలెను. ప్రభుత్వవిధానమునకు విరుద్ధము కాదని యొకటి, శత్రువునకు ఉపకరించు రహస్య మేదియు లేదని రెండవది. చదువువాడు కాగితమును దాటి ఒక్క మాట పలికినను తోడనే ప్రసారమును ఆపివేయుటకు మీటపై చేయి వేసి సెన్సారు అధికారి యొకడు కూర్చుండెడివాడు.

ఈ ముద్రల క్రిందనే ఆర్వెల్ రెండేండ్లలో రెండువందలకు పైబడిన వార్తావ్యాఖ్యలు వ్రాసెను. కొన్ని ఆంగ్లముననే ప్రసారమయ్యెను. కొన్ని హిందూస్తానీ, వంగ, గుజరాతీ, మరాఠీ, తమిళ భాషలలోనికి అనువదింపబడెను. ఆ వరుసలో తెలుగు లేదు. మరాఠీ పనిలో వేణు చితళే అను మహారాష్ట్ర యువతి ఆయనకు తోడ్పడెను. సాహిత్య ప్రసంగములకు ముల్క్ రాజ్ ఆనంద్, ఇ. ఎమ్. ఫార్‌స్టర్ మొదలగువారిని ఆయన పిలిపించెను. కాని ప్రసంగము లెన్ని యున్నను వారపు యుద్ధవ్యాఖ్యయే ఆయన మెడపై బరువు. తొలుత దానిని బొఖారీ మొదలగువారు చదివెడివారు. వ్రాసినవాడెవడో శ్రోతకు తెలియదు.

ఆ కాలమున ఆకాశమున ఎన్ని కంఠములు ఒకదానితో నొకటి పోరాడెనో నేటివారు ఊహించుట కష్టము. 1942 ప్రారంభమునుండి బెర్లినులో ఆజాద్ హింద్ రేడియో పలుకుచుండెను. శత్రుప్రసారములలో ఏమి చెప్పిరో తెలుపు నివేదికలు దినదినము ఆర్వెల్ బల్లపైకి వచ్చుచుండెను. 1942 మార్చి నెలాఖరున సుభాస్ చంద్ర బోసు విమానప్రమాదమున మరణించెనని రాయిటరు వార్త యొకటి వెలువడగా బి.బి.సి. దానిని ప్రసారము చేసెను. గాంధీమహాత్ముడు బోసు తల్లికి సంతాపము తెలిపెను. బోసు సజీవుడై బెర్లిను రేడియోలో తన కంఠముననే ఆ వార్తను ఖండించెను. నిజము పలుకుటయే తమ బలమని చెప్పుకొను సంస్థకు ఇట్టి తప్పిదము ఎంత నష్టము కలిగించునో వేరుగ చెప్పనక్కరలేదు.

ఆర్వెల్ వ్యాఖ్యలు మొత్తముమీద నిజాయితీ గలవనియే చెప్పవలెను. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పడినప్పుడు ఆ నష్టమును ఆయన చిన్నది చేసి చూపలేదు. బర్మా మార్గము మూతపడినచో చైనా గతి యేమగునో, ఓడల కొరత యెంత ప్రమాదకరమో, శ్రోత భూపటము విప్పి చూచుకొనునట్లు వివరించెను. గెలుపు నేడో రేపో యని ఆశపెట్టలేదు. ఆ నాళ్లలో ఇది తక్కువ సంగతి కాదు.

ఐనను ఒకచోట ఆయన జారెను. అట్లు జారెనని లోకమునకు తెలియుట ఆయన చేతివ్రాత వలననే. 1942 మార్చి 14వ తేదీన, కొన్ని నెలలుగా మానియుండిన దినచర్యను మరల మొదలిడుచు, తొలినాటి పుటలోనే ఆ సంగతిని వ్రాసికొనెను. జపాను త్వరలో రష్యాపై దండెత్తనున్నదను వదంతిని తాను వారపు వ్యాఖ్యలలో చొప్పించుచున్నాననియు, దానిని తాను నమ్మననియు అందు కలదు. దాని వెనుకనున్న లెక్కను కూడ విప్పి చెప్పెను. జపాను దండెత్తినచో మేము ముందే చెప్పితిమి యనవచ్చును. రష్యాయే ముందు దండెత్తినచో, జపాను కుట్ర ముందే యున్నదని చూపవచ్చును. ఏదియు జరుగనిచో జపాను భయపడి వెనుదీసెనని చెప్పుకొనవచ్చును. ఎటు తిరిగినను చెప్పినవాని మాట తప్పుగాదు. నడచినది మాత్రము వేరు. ఆ రెండు దేశముల నడుమ 1941లో కుదిరిన తటస్థతా ఒడంబడిక యుండెను. జపాను రష్యాపై దండెత్తనే లేదు. 1945 ఆగస్టులో రష్యాయే జపానుపై యుద్ధము ప్రకటించెను.

ఈ దోషము చిన్నదని కొందరు తలపవచ్చును. వినువాని స్థానమునుండి చూచినచో అట్లు తోచదు. ఆ పుట వ్రాసిన మూడు వారములకు, ఏప్రిలు 6వ తేదీన, జపాను విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసెను. జపాను నౌకాదళము వచ్చుచున్నదను వదంతితో మదరాసు నగరము ఖాళీ కాసాగెను. ప్రభుత్వ కార్యాలయములే లోపలి జిల్లాలకు తరలెను. మూటా ముల్లె కట్టుకొని బండ్లపై లోనాడులకు బయలుదేరిన సంసారములు తీరాంధ్రమున ఎన్నియో. జపాను చూపు ఉత్తరమున రష్యావైపు ఉన్నదా, తూర్పుతీరమువైపు ఉన్నదా యనునది వారికి చావుబ్రదుకుల ప్రశ్న. అట్టివారికి, తాను నమ్మని మాటను, తన పేరు లేకుండ, వేరొకరి కంఠముతో చెప్పించుట లండనులో కూర్చున్నవానికి ఎంత సులభమో ఆర్వెల్ ఎరుగకపోలేదు. ఎరిగియే వ్రాసెను. ఎరిగితినని దినచర్యలో నమోదు చేసెను. సాటి ప్రచారకులలో ఈ రెండవ పని చేసినవారు ఎందరు కలరో చెప్పుట కష్టము.

అదే సంవత్సరము ఆగస్టులో క్విట్ ఇండియా తీర్మానము, 9వ తేదీన గాంధీమహాత్ముడు, నెహ్రూ, ఆజాదు మొదలగు నాయకుల నిర్బంధము జరిగెను. దేశమందలి కల్లోలము ప్రాముఖ్యము లేనిదనియు, పరిస్థితి అదుపులో నున్నదనియు చెప్పవలెనని పై నుండి వచ్చిన ఆదేశపత్రమును చూచి ఆర్వెల్ మండిపడెను. భారతశాఖా మంత్రి ఏమరీ రేడియోలో కాంగ్రెసు నాయకులను దుష్టులుగా వర్ణించి మాటాడగా, ఆ శాఖలోని భారతీయులు మిక్కిలి కలత చెందిరని దినచర్యలో కలదు. భారతదేశపు అంతరంగిక రాజకీయములను గూర్చి స్వేచ్ఛగా మాటాడుటకు వారపు వ్యాఖ్యలో తావు లేదు. సింగపూరు పతనమును దాచని కలము అల్లహాబాదు, పాట్నా, బొంబాయి సంగతులకు వచ్చుసరికి కట్టుపడెను. ఒక యుద్ధవ్యాఖ్యలోని నిజము ఏ గట్టువరకు పోగలదో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

ఆ యేడు అక్టోబరులో వ్యాఖ్యను జార్జి ఆర్వెల్ అను పేరుతో ఆయనయే చదివిన బాగుండునని పై యధికారులకు తోచెను. అప్పుడాయన వ్రాసిన నోటు శ్రద్ధగా చదువదగినది. ఆ పేరునకు భారతదేశమున ఏమైన విలువ యున్నచో అది సామ్రాజ్యతత్త్వమునకు విరుద్ధమైన గ్రంథములవలన వచ్చినదనియు, వానిలో కొన్ని ఆ దేశమున నిషేధింపబడినవనియు ఆయన గుర్తుచేసెను. ప్రభుత్వవిధానమును గుడ్డిగా బలపరచునట్లు ఆ పేరుతో మాటాడినచో, విన్నవారు తనను అమ్ముడుపోయినవానిగా తలతురు. ఆ పేరు ఎవరికిని పనికిరాకుండ పోవును. కావున తగినంత వాక్స్వాతంత్ర్య మిచ్చినచో పేరు పెట్టుడు, లేనిచో వలదు. అధికారులు సమ్మతించిరి. నవంబరు 21వ తేదీనుండి ఆయనయే చదువసాగెను. నాటినుండి ఆ మాటలకు బాధ్యుడెవడో శ్రోతకు తెలిసెను. కాని స్పెయిను గుండు దెబ్బతిన్న ఆ కంఠము రేడియోకు తగదని 1943 జనవరిలో పై యధికారి యొకడు ఫిర్యాదు వ్రాసెను. పేరు ప్రసిద్ధమైనంత మాత్రమున స్వరము వినసొంపు కానేరదు గదా!

ఇంత శ్రమపడి చెప్పినదానిని వినువారెవరు? ప్రాచ్యవిభాగమున శ్రోతల సంగతి విచారించు లారెన్స్ బ్రాండర్ 1942లో భారతదేశమున పర్యటించి విచారించెను. వినువారు బహుస్వల్పమని తేలెను. నాడు మనదేశమున రేడియోలే అరుదు. ఉన్నవారికిని పొట్టి తరంగములపై లండను స్పష్టముగా అందెడిది కాదు. 1943 సెప్టెంబరు 24న ఆర్వెల్ రాజీనామా వ్రాసెను. తనను విశ్వాసమునకు విరుద్ధముగా మాటాడుమని ఎవరును నిర్బంధింపలేదనియు, పై యధికారులు తనయెడ ఉదారముగా ప్రవర్తించిరనియు అందు ఒప్పుకొనెను. ఫలితము లేని పనిపై తన కాలమును, ప్రజల ధనమును వ్యర్థపుచ్చుచున్నాననునదే ఆయన చూపిన కారణము. నవంబరు నెలలో కార్యాలయము విడిచెను. జీతమునకు లోటులేని యుద్యోగమును ఇట్టి కారణముపై వదలుకొనిన వారిని వ్రేళ్లపై లెక్కింపవచ్చును.

తరువాతి సంగతులు అందరెరిగినవే. ట్రిబ్యూను వారపత్రికకు సాహిత్య సంపాదకుడై, యుద్ధవార్తల సత్యాసత్యములనే మరల మరల చర్చించెను. రెండు పక్షములును చెప్పు కూలిన విమానముల లెక్కలలో ఏది చరిత్రకెక్కునని విచారించెను. 1945లో విలేఖరియై ఫ్రాన్సు, జర్మనీ దేశములకు పోయి యుద్ధమును మరల కన్నులార చూచెను. ఆ మార్చి నెలలోనే శస్త్రచికిత్స జరుగుచుండగా ఐలీను మరణించెను. ఆ ఆగస్టులో జంతువుల కథ అచ్చయ్యెను. అంతకుముందు సమాచారశాఖ అధికారి యొకడు వలదనగా ఒక ప్రకాశకుడు దానిని త్రోసిపుచ్చెను. 1949 జూను 8వ తేదీన వెలువడిన చివరి నవలలో, పాత పత్రికల ప్రతులను తిరుగ వ్రాసి, ప్రభుత్వము చెప్పిన జోస్యములన్నియు నిజమైనట్లు దిద్దు గుమాస్తాయే నాయకుడు. యుద్ధము ఎవరితో అనునది సభ నడుమనే మారినను వక్త వాక్యము నాపక శత్రువు పేరు మార్చి చెప్పును. అందలి భయంకరమైన 101వ నంబరు గదికి పేరు వచ్చినది పోర్ట్‌లండ్ ప్లేసునందలి బి.బి.సి. భవనములో కమిటీలు కూడుచుండిన ఒక గది నుండి.

ఆయన జీవితములో అందరును మెచ్చని ఘట్టము మరియొకటి కలదు. 1949 మే నెలలో, రోగశయ్యపైనుండి, కమ్యూనిస్టు వ్యతిరేక ప్రచారమునకు నియోగింప తగనివారని తాను తలచిన ముప్పదియెనిమిదిమంది పేర్ల పట్టిక నొకదానిని ప్రభుత్వ ప్రచారశాఖకు పంపెను. అది 2003లో గాని బయటపడలేదు. దానిని సమర్థించినవారును కలరు, నిందించినవారును కలరు. ఇతరుల పేర్లను గుట్టుగా వ్రాసి పంపుట, తన పేరునకు బహిరంగముగా బాధ్యత వహింపగోరిన మనుజునకు తగిన పనిగా తోచదు.

1950 జనవరి 21వ తేదీన లండను యూనివర్సిటీ కాలేజి ఆస్పత్రిలో క్షయవ్యాధితో ఆయన కన్నుమూసెను. అప్పటికి ఆయన వయస్సు నలువదియారేండ్లు.

ప్రసారములు గాలిలో కలిసిపోయెననియే చిరకాలము అందరును తలచిరి. ఆయన కంఠధ్వని రికార్డు ఒక్కటియు నేడు లభ్యము కాదు. కాని కావర్షమునందలి బి.బి.సి. దస్తావేజుల భాండారమున ఆ స్క్రిప్టుల ప్రతులు భద్రముగానే యుండెను. డబ్ల్యు. జె. వెస్ట్ అను పరిశోధకుడు వానిని వెలికితీసి 1985లో గ్రంథములుగా ప్రకటించెను. దినచర్య అంతకుముందే అచ్చయి యుండెను. నేడెవరైనను ఆ రెంటిని ప్రక్క ప్రక్కన పెట్టుకొని, 1942 మార్చి నెల పుటలను చూడవచ్చును. ఒకదానిలో ఆ వదంతి, వేరొకదానిలో దానిని నమ్మనివాని సంతకము వంటి చేతివ్రాత.